ఒకరి నేరం, ఒక జాతి నేరం: సోషియాలజీ పాఠంలో స్టువర్టుపురం

మన డిగ్రీ కాలేజీల్లో సోషియాలజీ చదివే విద్యార్థికి 'స్టీరియోటైప్' అనే మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. తెలుగు మీడియం నోట్సులో దాన్ని 'మూస అభిప్రాయం' అని రాయిస్తారు. అచ్చు యంత్రం దగ్గర వాడే ఈ మాటను 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికన్ పత్రికా రచయిత మనుషుల ఆలోచనలకు వర్తింపజేశాడనీ, ఒక గుంపు గురించి ముందే పోతపోసి పెట్టుకున్న అభిప్రాయమే మూస అనీ చెబుతారు. ఉదాహరణకు అమెరికా నల్లవాళ్లనో, యూరప్ యూదులనో చూపిస్తారు. విద్యార్థి రాసుకుంటాడు, పరీక్షలో ఐదు మార్కులు తెచ్చుకుంటాడు. ఆ విద్యార్థే విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైల్లో బాపట్ల దాటగానే పక్కవాళ్లతో, "స్టువర్టుపురం వస్తోందండీ, సూట్‌కేసు కాస్త దగ్గర పెట్టుకోండి" అంటాడు. పాఠం నోట్సులోనే ఉండిపోయింది.

ఎందుకిలా జరుగుతోంది? మూస అభిప్రాయాన్ని మనం మనసులో పుట్టే ఒక తప్పు ఆలోచనగా చెబుతున్నాం. తప్పు ఆలోచన అయితే మంచి మాటలతో, కాస్త జాలితో పోవాలి. పోవడం లేదు. ఎందుకంటే కులం మీద వేసిన ముద్ర ఒక లెక్కల పద్ధతి. ఆధిపత్య కులాల వాళ్లు చేసిన చెడ్డపని ఆ మనిషి ఖాతాలో పడుతుంది. అణగారిన కులాల వాళ్లు చేసిన చెడ్డపని కులం మొత్తం ఖాతాలో పడుతుంది. ఈ లెక్కలు రాసిన వాళ్లున్నారు, రాసిన తేదీలున్నాయి, సంతకాలున్నాయి. కాబట్టి ఈ పాఠాన్ని నీతిబోధగా కాక చరిత్రగా చెప్పాలన్నది ఈ వ్యాసం వాదన. అందుకు మన కళ్లముందున్న ఉదాహరణనే తీసుకుందాం.

ఒకే రైలు మార్గం, రెండు లెక్కలు

తెనాలి నుంచి చీరాల దాకా రైలు మార్గం చూడండి. తెనాలి దాటాక చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఇంకా ముందుకెళితే బాపట్ల, తర్వాత స్టువర్టుపురం, ఆ తర్వాత చీరాల. చీరాలకు దగ్గర్లో కారంచేడు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. ఈ మూడు ఊళ్లూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకే వచ్చాయి.

కారంచేడు తర్వాత గానీ, చుండూరు తర్వాత గానీ, చంపిన వాళ్ల కులాన్ని 'నేరస్థ కులం' అని ఎవరన్నా అన్నారా? ఏ ప్రభుత్వమన్నా ఆ కులపు పిల్లల వేలిముద్రలు తీసుకుందా? ఆ ఇంటిపేర్లు వినగానే రైల్లో ఎవరన్నా సర్దుకుని కూర్చున్నారా? లేదు. కేసులు నడిచాయి, ఒక్కొక్క ముద్దాయి మీద విడివిడిగా సాక్ష్యం కావాలన్నారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని శిక్షలన్నీ కొట్టేసింది. ఒక కులాన్నంతా నేరస్థులని పిలవమని మనమూ అడగడం లేదు. పిలవకూడదు కూడా. నేరం మనిషిది, రుజువు చేయాల్సింది ఆ మనిషి మీద. ఇది మంచి సూత్రమే. మన ప్రశ్నల్లా ఒకటే: ఈ సూత్రం అదే లైనులో ఉన్న స్టువర్టుపురం దగ్గర ఎందుకు ఆగలేదు? అక్కడ తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ముద్దాయి ఎలా అయింది?

ఈ మూసను ఎప్పుడు పోశారు?

స్టువర్టుపురం గురించి అడిగితే చాలామంది "అది మొదట్నుంచీ అంతే" అంటారు. 'మొదట్నుంచీ' అనే మాట ఎక్కడ వినబడినా సోషియాలజీ విద్యార్థి ఆగి తేదీ అడగాలి.

ఎరుకల వాళ్ల గురించి తెలుగు సమాజంలో ఇంకో బొమ్మ ఉండేది. ఆకాశరాజు ఇంటికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో వెళ్లి సోది చెప్పిన కథ మన ఇళ్లల్లో తెలియనిది కాదు. దేవుడు పెళ్లి కుదుర్చుకోవడానికి వేసిన వేషం దొంగ వేషం కాదు గదా. ఆ కులం లోపలి శాఖల పేర్లు చూసినా పని తెలుస్తుంది: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఎద్దు ఎరుకల. ఉప్పు మోసినవాళ్లు, కరివేపాకు అమ్మినవాళ్లు, వెదురు దబ్బలతో బుట్టలల్లినవాళ్లు, ఎద్దుల మీద సరుకు తోలినవాళ్లు. తీరం నుంచి ఉప్పు మెట్ట ఊళ్లకు తీసుకుపోయి, అక్కణ్నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. రోడ్లు లేని కాలంలో వాళ్ల గాడిదలూ ఎద్దులే సరుకుల బండ్లు.

ఈ బతుకు ఎలా కూలిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించారు. 1805లో కుంపిణీ మద్రాసు ప్రాంతంలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలు నడక మొదలైంది. ఉప్పూ ధాన్యమూ వ్యాగన్లలోకి ఎక్కాయి. 1876-78 కరువులో పశువులు పోయాయి. 1882 మద్రాసు అడవుల చట్టంతో వెదురు, మేత, ఆకు అన్నీ ప్రభుత్వ సొత్తయ్యాయి. వ్యాపారం పోయింది, దారి మాత్రం మిగిలింది. సరుకుతో తిరిగేవాణ్ని వర్తకుడన్నారు. సరుకు పోయాక అదే దారిన తిరిగేవాణ్ని అనుమానితుడన్నారు.

అప్పుడు కాగితాల పని మొదలైంది. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని 'నేరస్థ వర్గాల' మీద పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారతదేశ కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. వాటిల్లో కొరవ, ఎరుకల వాళ్ల గురించి రాసిన భాగంలో ముల్లాలీ రాతల్నే ఆధారంగా తీసుకున్నాడు. పోలీసు రాసింది మ్యూజియం పుస్తకంలో కెక్కేసరికి 'శాస్త్రం' అయింది. ఆ శాస్త్రాన్ని చూపించి మళ్లీ పోలీసు చట్టం అడిగాడు. 1891 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసిన హెరాల్డ్ స్టువర్ట్ తర్వాత పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసి, ఆపైన మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడయ్యాడు. స్టువర్టుపురం ఆయన పేరే. కులాలను లెక్కపెట్టిన చేయి, పోలీసును నడిపిన చేయి, ఊరికి పేరిచ్చిన చేయి ఒకటే అన్నమాట.

చట్టం ఏం చేసింది?

నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. 1924లో మరోసారి కూర్చి రాశారు. చట్టం పెట్టేటప్పుడు చేసిన వాదన మనవాళ్లందరికీ బాగా తెలిసిందే: ఈ దేశంలో నేతపనీ వడ్రంగమూ కులవృత్తులై తరతరాలుగా వస్తున్నట్టే, దొంగతనం కూడా కులవృత్తిగా వస్తుందని. అంటే ఈ చట్టం కులధర్మ సిద్ధాంతాన్నే తీసుకుని పీనల్ కోడ్ పక్కన కూచోబెట్టింది.

ప్రభుత్వం ఒక ప్రకటన ఇస్తే చాలు, జాతి మొత్తం నేరస్థులైపోతుంది. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదని చట్టంలోనే రాసుకున్నారు. పేరు రిజిస్టరులో ఎక్కాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి, పాసు లేకుండా హద్దు దాటకూడదు. సెటిల్‌మెంటులో పెట్టమంటే కుటుంబంతో సహా పోయి ఉండాలి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది.

స్టువర్టుపురం 1913-14 ప్రాంతంలో ఇలా వెలిసిందే. దాన్ని నడపమని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థను ఇండియాలో నడిపిన బూత్-టక్కర్, నేరస్థుల్ని 'నయం చేసే' విద్య అంటూ ఏకంగా ఒక కొత్త మాట పుట్టించి పుస్తకమే రాశాడు. నేరం రోగమైతే రోగి జీవితమంతా ఆసుపత్రిలోనే ఉండాలి గదా! సీతానగరంలో రాయి కొట్టించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంటు నడిపింది. స్టువర్టుపురం వాళ్ల చెమట చీరాల పొగాకు కంపెనీకి ఉపయోగపడింది. హద్దు దాటితే జైలు అన్న చోట కూలి రేటు ఎవరు అడుగుతారు?

1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించాడు. 1947లో మద్రాసు ప్రభుత్వం రద్దు చేసింది. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ దేశమంతటా రద్దు చేయమని చెప్పాక, 1952 ఆగస్టు 31న అన్నిచోట్లా పోయింది. అందుకే వీళ్లను 'విముక్త జాతులు' అంటున్నాం. దేశం విడుదలైన ఐదేళ్లకు వీళ్లు విడుదలయ్యారు.

"మరి దొంగతనాలు చేయలేదా సార్?"

ఈ చరిత్ర చెప్పిన ఏ క్లాసులోనైనా వెనక బెంచీ నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అది చెడ్డ ప్రశ్న కాదు, అడిగిన వాణ్ని కసరకూడదు. సూటిగా జవాబు చెప్పాలి. చేసినవాళ్లున్నారు. చేయనివాళ్లూ ఉన్నారు. వ్యాపారం పోయి, భూమి లేక, ఊళ్లోకి రానివ్వక, పనివ్వకపోతే కొందరు దొంగతనానికి దిగారు. ఏ కులంలోనైనా అంతే. చట్టం మాత్రం 'కొందరు' అనే మాటనే తీసేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ చట్టం కింద పాసు లేకుండా పక్కఊరి సంతకు పోవడమే నేరం. హాజరుకు ఆలస్యమైతే నేరం. ఆ కేసులన్నీ కలిపి చూపించి "చూశారా, ఈ జాతిలో ఎన్ని శిక్షలో!" అన్నారు. ముద్ర వేసిన చట్టమే ముద్రకు రుజువులు తయారు చేసుకుంది. రాబర్ట్ మెర్టన్ 1948లో రాసిన వ్యాసం మన విద్యార్థులకు సిలబస్‌లో ఉంటుంది: ఒక అబద్ధాన్ని నిజమనుకుని ప్రవర్తిస్తే ఆ ప్రవర్తనే దాన్ని నిజం చేస్తుందని. హోవర్డ్ బెకర్ 1963లో చెప్పిన ముద్రవేయడం సిద్ధాంతం కూడా ఉంటుంది: తప్పు చేసినవాడు ఎవరనేది పనిని బట్టి కాక, ముద్ర వేసేవాడి అధికారాన్ని బట్టి తేలుతుందని. ఈ రెంటికీ అమెరికా ఉదాహరణలే చెబుతాం. కాలేజీకి గంట ప్రయాణంలో ఉన్న ఊరు గుర్తుకు రాదు. ఎరుకల తల్లిదండ్రుల పిల్లవాడు ముందు బెంచీలో కూచుని ఉన్నా గుర్తుకు రాదు.

సినిమావాళ్లకు మాత్రం బాగా గుర్తుంది. 1991 ఒక్క సంవత్సరంలోనే 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలొచ్చాయి. అదే ఏడు చుండూరు జరిగింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు టీజర్ మీదే అభ్యంతరంతో హైకోర్టులో వ్యాజ్యం పడింది. ముప్పై రెండేళ్లయినా ఊరి పేరుకు అర్థం మారలేదు.

తెల్లవాడి మీదికి నెట్టేస్తే సరిపోదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ కథ విని "చూశారా, ఇదంతా బ్రిటిష్‌వాడి కుట్ర, మన సమాజంలో లేనిది వాడు తెచ్చిపెట్టాడు" అని చేతులు దులుపుకునే మేధావులు తయారవుతున్నారు. మూసను పోసింది తెల్లవాడే కావచ్చు. లోహం ఇక్కడిదే. పుట్టుకను బట్టి పని, పనిని బట్టి గుణం అనే లెక్క ఇక్కడ ముందునుంచీ లేకపోతే ఆ చట్టం ఒక్కరోజు కూడా నడిచేది కాదు. ఊళ్లల్లో ఎరుకల వాళ్ల మీద కన్నేసి రాకపోకలు పోలీసుకు చేరవేసింది గ్రామ మునసబులు. వాళ్ల కులాలేమిటో మనకు తెలుసు. ఎరుకలసాని సోది విన్న ఇల్లాలు కూడా ఆమెను గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఆ పాత బొమ్మ గొప్పదని మురిసిపోనక్కర్లేదు. అది వేరే బొమ్మ, కాబట్టి ఇప్పటి బొమ్మ సనాతనం కాదు అని తెలుసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది.

సంస్కర్తల గురించి కూడా ఇదే నిజాయితీ కావాలి. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు. జాషువా కూతురైన హేమలత ఆ ఊరిని తన ఊరిగా చేసుకున్నారు. ఆ శ్రమను తక్కువ చేయలేం. కానీ 'నేరస్థుల సంస్కరణ' అనే మాటను క్లాసులో పెట్టి విద్యార్థుల్ని అడగాలి: మారాల్సింది ఆ ఊరొక్కటేనా? దానికి ఆ పేరు పెట్టిన వాళ్ల సంస్కరణ ఎవరు చేపట్టారు?

మెరిట్ అనే రెండో ఖాతా

స్టువర్టుపురం సంగతి విన్న దళిత విద్యార్థికి తన అనుభవం ఒకటి తప్పకుండా గుర్తొస్తుంది. 1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించగానే ఆధిపత్య కులాల విద్యార్థులు బూట్లు పాలిష్ చేసి, రోడ్లు ఊడ్చి నిరసన చెప్పారు. చదువుకున్న తాము ఇక ఇలాంటి పనులు చేసుకోవాల్సిందేనా అని వాళ్ల బాధ. ఆ పనులు తరతరాలుగా చేస్తున్నవాళ్లు చూస్తున్నారనే సిగ్గు కూడా లేకపోయింది. అక్కడ పనిచేసింది కూడా ఇదే లెక్క. పై కులం కుర్రాడు ఫెయిలైతే వాడు చదవలేదు. దళిత కుర్రాడు ఫెయిలైతే ఆ కులానికి చదువు రాదు. పై కులం కుర్రాడు పాసైతే తెలివి. దళిత కుర్రాడు పాసైతే రిజర్వేషన్. ఓటమి కులానిది, గెలుపు కోటాది. ఆ పిల్లవాడి సొంత ఖాతాలో ఏమీ మిగలదు.

దీన్ని పరీక్షించిన పరిశోధన ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు: 321 మంది పై కులాల వాళ్లు, 321 మంది దళితులు. కాగితం మీద గీసిన పద్మవ్యూహం లాంటి చిక్కుదారులు విప్పమని ఇచ్చి, విప్పినదానికింత అని డబ్బులిచ్చారు. ఎవరిది ఏ కులమో బయటపెట్టనప్పుడు రెండు జట్లూ సమానంగా విప్పాయి. పిల్లల పేరూ తండ్రి పేరూ కులమూ అందరి ముందూ చదివాక దళిత పిల్లలు విప్పినవి సుమారు 20 శాతం తగ్గిపోయాయి. ఆ పిల్లల బుర్ర అరగంటలో మారిపోలేదు. ఆ గదిలో ఒక హాజరు పిలిచారు, అంతే. 2004లో మొదటి నివేదికగా, 2006లో పత్రికా వ్యాసంగా వచ్చిన ఈ పరిశోధన ప్రతి సోషియాలజీ క్లాసులో చెప్పదగింది.

స్టువర్టుపురంలో హాజరు ఎందుకు పిలిచేవారో ఇప్పుడు ఇంకొంచెం అర్థమవుతుంది. నువ్వెవరో రోజూ నీ నోటితో నీకే చెప్పించడం అది. మన కాలేజీల్లో స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చినప్పుడు క్లాసు మధ్యలో "ఎస్సీ, ఎస్టీలు లేవండి" అని పిలిచే పద్ధతి కూడా ఆ కుటుంబానికి చెందిందే. ఆ పిలుపు పిలిచిన గుమస్తాకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. పని మాత్రం జరిగిపోతుంది.

కాలేజీ దాటాక కూడా ఈ లెక్క వదలదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపి, ఇంటిపేర్లు మాత్రం మార్చారు. 2007లో వాళ్లు ప్రకటించిన ఫలితం: పై కులపు పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడో వంతు. మార్కులన్నీ ఒక్కటే. తేడా పేరులోనే.

క్లాసులో ఏం చేయాలి?

ఇది మనకు కొత్త సంప్రదాయమేమీ కాదు. 1855లో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న పద్నాలుగేళ్ల ముక్తాబాయి అనే మాంగు పిల్ల, మాంగులూ మహార్ల కష్టాల మీద వ్యాసం రాసి 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చువేయించింది. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ సెమినార్లో పాతికేళ్ల అంబేద్కర్ లేచి కులం మీద పేపరు చదివారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్ వంటి అప్పటి పెద్దల నిర్వచనాలన్నింటినీ ఒక్కొక్కటిగా విప్పి ఎక్కడ చాలవో చూపించారు. ముక్కులు కొలిచి కులాన్ని జాతిగా తేల్చిన రిజ్లీ పేరు చూసి ఆయన వెనక్కి తగ్గలేదు. మూసను ప్రశ్నించే సోషియాలజీ ఒక విద్యార్థి చేతనే మొదలైందని మన పిల్లలకు చెప్పాలి.

ఆచరణలో కొన్ని పనులు చేయొచ్చు. దేనికీ పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, ఏ ముద్ర వినబడినా నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయాలి. ఈ మాట మొదట ఎవరు, ఏ కాగితం మీద రాశారు? రాసినవాడి ఉద్యోగం ఏమిటి? ఆ మాట వల్ల ఎవరికి భూమి, ఎవరికి కూలి, ఎవరికి ఉద్యోగం దక్కింది? అదే పని ఇంకో కులం చేస్తే దానికి మనం పెట్టే పేరేమిటి? ఈ నాలుగో ప్రశ్న దగ్గరే క్లాసు వేడెక్కుతుంది. వేడెక్కనివ్వాలి.

రెండోది, థర్‌స్టన్ సంపుటాలు లైబ్రరీలో ఉంటే ప్రతి విద్యార్థినీ తన కులం గురించి ఏం రాశాడో చదవమనాలి. బ్రాహ్మణ, కమ్మ, కాపు, వెలమ, మాల, మాదిగ, కొరవ అన్నీ ఉన్నాయి. కొందరికి మూలపురుషుల గాథలు, గోత్రాలు, వీరత్వం. ఇంకొందరికి కన్నం వేసే పద్ధతుల వివరాలు. ఒకే రచయిత, ఒకే పుస్తకం, రెండు రకాల కళ్లు. పై కులాల విద్యార్థి కూడా తనది 'మామూలు' అనుకున్న గౌరవం ఎవరో రాసి ఇచ్చినదేనని అప్పుడు చూస్తాడు.

మూడోది, క్లాసులో ఉన్న దళిత, ఆదివాసీ, విముక్త జాతుల విద్యార్థిని సాక్షిగా లేపకూడదు. "నువ్వు చెప్పు, మీ వాళ్లల్లో ఎలా ఉంటుంది?" అని అడగడం సానుభూతిలా కనిపిస్తుంది గానీ అది మరో హాజరు. తనంతట తాను మాట్లాడితే వినాలి. బోనెక్కాల్సింది కాగితాలు, పిల్లలు కాదు.

నాలుగోది, తిరగేసిన మూసను పోయకూడదు. ఆ ఊళ్లో అందరూ అమాయకులే, అందరూ త్యాగమూర్తులే అని చెబితే విద్యార్థి నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. మంచివాళ్లయితేనే హక్కులిస్తామనడం కూడా పాత సెటిల్‌మెంటు మేనేజరు మాటే. మనిషి మనిషిగా విడిగా లెక్కకు రావడం అందరికీ హక్కు. అందులో దొంగ కూడా ఉన్నాడు. అతని నేరం అతనిది.

ఈ పాఠం అవసరం తీరిపోయిందని ఎవరన్నా అంటే వాళ్లకు రెండు తేదీలు చూపించండి. 1952లో నేరస్థ జాతుల చట్టం పోయింది గానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో ఆ చట్టం వచ్చింది. రిజిస్టరు, వేలిముద్రలు, కదలికల మీద నిఘా మళ్లీ కాగితం మీదికొచ్చాయి. ఇక రెండో తేదీ 2024 అక్టోబరు 3. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో ఆ రోజు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జైళ్లల్లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమంది. విముక్త జాతుల వాళ్లను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూసే జైలు మాన్యువళ్ల రాతలు చెల్లవంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్లకు కూడా ఆ రాతలు ప్రభుత్వ పుస్తకాల్లో మిగిలే ఉన్నాయన్నమాట.

ఆ తీర్పు జైలు మాన్యువల్ గురించి. రైలు పెట్టెలో మాటనూ, స్టాఫు రూములో నవ్వునూ, నోట్సులో ఐదు మార్కుల జవాబునూ కొట్టేసే కోర్టు లేదు. ఆ పని సోషియాలజీ టీచరుదీ, విద్యార్థులదీ. వచ్చే పరీక్షలో 'నేరస్థ జాతుల సమస్యలను వివరింపుము' అన్న ప్రశ్న వస్తే, ఆ జాతులను నేరస్థులని మొదట రాసిందెవరో, ఏ సంవత్సరంలోనో, ఎవరి లాభానికో జవాబు మొదటి వాక్యంలోనే రాయమని పిల్లలకు చెబుదాం. పేపరు దిద్దేవాళ్లం కూడా మనమే గదా. ఆ వాక్యానికి మార్కులు వేద్దాం.